టర్న్‌టేబుల్, టోన్ ఆర్మ్: నెల్లూరు రిపేరు బల్ల మీద రోజూ వినే అపోహలు

అపోహ: "ఈ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయరు) అమెరికా నుంచి అబ్బాయి తెచ్చాడన్నా, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పెట్టాం. ఇంకేం కావాల?"

వాస్తవం: ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు దించుతుందే గానీ మన 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఊపుల) కరెంటును అక్కడి 60 చెయ్యలేదు. మోటారు రబ్బరు బెల్టుతో పళ్లెం తిప్పే పాత బెల్టు మోడళ్లలో చాలావాటికి ఉండే ఏసీ సింక్రనస్ మోటారు హెర్ట్జ్ లెక్కనే తిరుగుతుంది. దాంతో నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 28 దగ్గరే ఈడుస్తుంది. సుశీలమ్మ గొంతు బొంగురుపోయి, పాపం రికార్డుకు తిట్లు పడతాయి. మోటారుకు 50 హెర్ట్జ్ పుల్లీ (బెల్టు తిరిగే చిన్న చక్రం) వేస్తే సరి. డీసీ మోటారు, క్వార్ట్జ్ (స్ఫటికంతో వేగం నిలిపే) మోడళ్లకు ఈ బాధ లేదు.

అపోహ: ముల్లు ఎంత తేలిగ్గా ఆనితే రికార్డు అంత తక్కువ అరుగుతుంది.

వాస్తవం: కార్ట్రిడ్జి (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బీ) కంపెనీ ముల్లు ఆనే బరువు 1.5 నుంచి 2 గ్రాములు అని చెబితే నేను 1.8 పైనే పెడతా. అంతకన్నా బాగా తగ్గిస్తే ముల్లు గాడిలో కుదురుగా ఉండక ఎగిరెగిరి పడుతుంది. 'స', 'శ' పలికినచోటల్లా గరగర. రికార్డు చెడేది అట్లానే.

అపోహ: ఖరీదైన టోన్ ఆర్మ్ (కార్ట్రిడ్జిని మోసే చెయ్యి) ఏ కార్ట్రిడ్జికైనా పనికొస్తుంది.

వాస్తవం: ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఆర్మ్ బరువూ, ముల్లు మోసే కడ్డీ మెతకదనమూ కలిసి ఒక సహజ కంపనం పుట్టిస్తాయి. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉంటే మేలు. మెతక కార్ట్రిడ్జిని బరువైన ఆర్మ్‌కి కడితే ఆ అంకె కిందికి జారుతుంది. మన రోహిణి ఎండలకు వంగిన రికార్డు మీద ఆర్మ్ ఊగులాడుతుంది, పాట ఏమీ లేకుండానే వూఫరు (బేస్ పలికే స్పీకరు) కొట్టుకుంటుంది. డెనాన్ డీఎల్-103 లాంటి బిగువు కార్ట్రిడ్జికి తేలికపాటి ఆర్మ్ దొరికితే బేస్ పలచనవుతుంది. అదే కార్ట్రిడ్జి బరువైన ఆర్మ్ మీద నిండుగా పలుకుతుంది. కొనేముందు ఈ జోడీ చూసుకోండి, ధర తర్వాత.

అపోహ: డైరెక్ట్ డ్రైవ్ (బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్లెం తిప్పేది) డీజేలకే, సంగీతానికి బెల్టే.

వాస్తవం: 1972లో టెక్నిక్స్ ఎస్ఎల్-1200 వచ్చింది ఇళ్లలో పాటలు వినేవాళ్ల కోసమే, డీజేలు తర్వాత పట్టుకున్నారు. సాగిన బెల్టు గుట్టు నాదస్వరం బయటపెడుతుంది. మన కరవది షేక్ చినమౌలానా వాయించే దీర్ఘ స్వరం లేని గమకంతో వణికితే తప్పు బెల్టుదే. నాదస్వరానికి నా ఓటు డైరెక్ట్ డ్రైవ్‌కే. పాత సినిమా పాటలకైతే బెల్టు మోడలు మీద మెత్తని కార్ట్రిడ్జి నాకు హాయి. మీ చెవి వేరేమాట చెబితే దాన్నే నమ్మండి.

అపోహ: 78 రికార్డుకు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు) వేగం మారిస్తే చాలు.

వాస్తవం: చాలదు. దాని గాడి వెడల్పు, ముల్లు మొన కూడా ఎల్పీ (33⅓ చుట్ల రికార్డు) మొనకు మూడింతలు లావుండాలి.