రాకెట్‌కు ప్లాస్టిక్ ట్యాంకు పనికొస్తుందా?

తిరుపతి

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మేడమీది నీళ్ల ట్యాంకులాంటిదే రాకెట్‌కూ పెడితే బరువు తగ్గదా అని అడిగారు. తగ్గుతుంది. మన జిల్లాలోని శ్రీహరికోట నుంచి ఎగిరే ఎల్‌వీఎం3 రాకెట్ పై దశలో సుమారు 28 టన్నుల ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ ఉంటాయి. ఆ దశ ట్యాంకులో కిలో తగ్గించగలిగితే ఉపగ్రహానికి కిలో కలిసొస్తుంది. అయినా ఆ ట్యాంకులను అల్యూమినియం మిశ్రమ లోహంతోనే చేస్తున్నారు.

నీళ్ల ట్యాంకు తయారీ చూడముచ్చటగా ఉంటుంది. పాలిథీన్ పొడిని లోహపు అచ్చులో పోసి, మూసి, పెద్ద ఓవెన్‌లో అటూ ఇటూ రెండు దిక్కులా తిప్పుతారు. పొడి కరిగి లోపలి గోడలకు పట్టుకుంటుంది. చల్లార్చి తీస్తే ఎక్కడా అతుకు ఉండదు. ఆ అతుకు లేనితనమే నాకు మహా ఇష్టం.

చిక్కంతా చలితోనే. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర, హైడ్రోజన్ మైనస్ 253 దగ్గర మరుగుతాయి. అంత చలిలో పాలిథీన్ పెళుసుబారుతుంది. ముడుచుకోవడం మరో బాధ. మైనస్ 196 డిగ్రీలకు చల్లబరిస్తే మీటరు అల్యూమినియం 4 మిల్లీమీటర్లు తగ్గుతుంది, టెఫ్లాన్ అనే ప్లాస్టిక్ మీటరుకు సుమారు 19. లోహపు గొట్టం ఒక లెక్కన, ప్లాస్టిక్ గోడ ఇంకో లెక్కన ముడుచుకుంటే బిగింపు దగ్గర ఏమవుతుందో ఊహించండి.

ఆక్సిజన్‌తో ఇంకా జాగ్రత్త అవసరం. ద్రవ ఆక్సిజన్‌లో తడిసిన చాలా ప్లాస్టిక్‌లు గట్టి దెబ్బ తగిలితే అంటుకుంటాయి. అందుకే వాడబోయే పదార్థాన్ని ద్రవ ఆక్సిజన్‌లో ఉంచి, పైనుంచి బరువు పడేసి పరీక్షిస్తారు. టెఫ్లాన్ ఈ విషయంలో చాలా నయం.

మరి దారి? కార్బన్ నారను రెసిన్‌తో కలిపి గోడ కట్టడం. రెసిన్ కూడా ప్లాస్టికే, బలం నారది. ఇదీ సులువుగా రాలేదు. 1999లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఎక్స్-33 అనే ప్రయోగాత్మక అంతరిక్ష వాహనం కోసం అలా చేసిన హైడ్రోజన్ ట్యాంకు పరీక్షలో దెబ్బతింది. గోడలోని సన్నని పగుళ్ల గుండా హైడ్రోజన్ మధ్య పొరలోకి చేరింది. ట్యాంకు ఖాళీ చేశాక వేడెక్కేసరికి అక్కడ ఒత్తిడి పెరిగి పై పొర ఊడివచ్చింది.

ఆ పని అక్కడితో ఆగనందుకు నాకెంతో సంతోషం. నాసా, బోయింగ్ కలిసి 2014లో 5.5 మీటర్ల వ్యాసమున్న అలాంటి కార్బన్ నార ట్యాంకును ద్రవ హైడ్రోజన్‌తో నింపి పరీక్షించాయి. 2018 జనవరిలో న్యూజిలాండ్ నుంచి కక్ష్యకు చేరిన ఎలక్ట్రాన్ రాకెట్, తన ద్రవ ఆక్సిజన్‌ను కార్బన్ నార ట్యాంకులోనే మోసుకెళ్లింది.

ఇట్లు,
మీ తాతయ్య