పత్రికకు పార్టీ రంగు: ఇటలీ నుంచి ఇక్కడి దాకా

ఫలానా పత్రిక ఫలానా పార్టీదని చెప్పుకోవడం తెలుగువాళ్లకు అలవాటే. ఇటలీలో ఆ అలవాటు నూరేళ్లు దాటింది, పైగా మొదట్లో దాపరికం కూడా లేదు. సోషలిస్టుల ‘అవాంతి’ 1896లో పుట్టింది. ముస్సోలినీ ఫాసిస్టు కాకముందు దానికి సంపాదకుడు. కమ్యూనిస్టు నేత ఆంటోనియో గ్రాంసీ 1924లో ‘లునితా’ పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్యకర్తలు ఆదివారాలు దాన్ని ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. 1952లో విజయవాడలో మొదలైన కమ్యూనిస్టుల ‘విశాలాంధ్ర’ను ఎరిగినవారికి ఇదేమీ వింతగా తోచదు.

అమెరికాలోనూ తొలినాళ్లలో పార్టీ పత్రికలే. విదేశాంగ మంత్రి జెఫర్సన్ తన ప్రత్యర్థి హామిల్టన్‌ను దుమ్మెత్తిపోసే పత్రిక సంపాదకుడికి 1791లో తన శాఖలోనే అనువాదకుడి ఉద్యోగం ఇచ్చాడు! 1833లో న్యూయార్క్ ‘సన్’ ఒక్క సెంటుకే దొరకడంతో లెక్క మారింది. అంత చవక పత్రిక ప్రకటనల మీదే బతకాలి, ప్రకటన ఇచ్చే వ్యాపారికి అన్ని పార్టీల పాఠకులూ కావాలి కదా. తటస్థ వార్త అక్కడ నిలదొక్కుకోవడానికి అదొక ముఖ్య కారణం.

ఇటలీకి ఆ అవకాశం రాలేదు. 1861లో దేశం ఏకమయ్యేనాటికి నలుగురిలో ముగ్గురికి చదువు రాదు. తర్వాతా పత్రికలు కొనేవాళ్లు తక్కువే. అందుకని పత్రిక మీద లాభం చూసుకునే యజమాని అరుదు. టూరిన్ ‘లా స్టాంపా’ దశాబ్దాల పాటు ఫియట్ కార్ల అన్యెల్లి కుటుంబం చేతిలో నడిచింది. అలాంటివారికి పత్రికంటే రోమ్‌లో పరపతి. ఇటలీ రాజకీయ విలేకరి రాసేది పదిహేను వందల మంది కోసమేనని 1959లో ఎంజో ఫోర్చెల్లా అనే పాత్రికేయుడు కుండబద్దలు కొట్టాడు. ఆ మంది ఎవరంటే మంత్రులు, ఎంపీలు, పార్టీ పెద్దలు, కొందరు పారిశ్రామికవేత్తలు. ఓటరు ఆ జాబితాలో లేడు. తెరవెనుక మంతనాలే వార్తలుగా, అవీ సగం సగం సైగలతో ఎందుకు వచ్చేవో దీన్నిబట్టి తెలుస్తుంది.

స్వీడన్‌ది వేరే దారి. పార్టీ పత్రికలు మూతపడకుండా 1971 నుంచి ప్రభుత్వమే అమ్మకాల్లో వెనకబడిన పత్రికకు డబ్బిచ్చింది.

ఇటలీలో అసలు పరీక్ష 1994లో వచ్చింది. పాత్రికేయుడు ఇంద్రో మాంటనెల్లి 1974లో పెట్టిన ‘ఇల్ జొర్నాలె’ అప్పటికే టీవీ చానళ్ల అధిపతి బెర్లుస్కోనీ కుటుంబం చేతిలో ఉంది. బెర్లుస్కోనీ రాజకీయాల్లోకి దిగుతూ పత్రిక తనకు వంత పాడాలనుకున్నాడు. మితవాదే అయినా మాంటనెల్లి ఒప్పుకోలేదు. బయటికొచ్చి పెట్టిన ‘లా వోచె’ ఏడాదికే మూతపడింది. బెర్లుస్కోనీ ప్రధాని అయ్యాడు.

తెలుగులో మాత్రం అమెరికా లెక్కా సరిపోదు, ఇటలీ లెక్కా సరిపోదు. ఇక్కడ లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి, ప్రకటనలూ దండిగా వచ్చాయి, పార్టీ రంగు మాత్రం పోలేదు. 1983 ఎన్నికల్లో ‘ఈనాడు’ తెలుగుదేశానికి అండగా నిలిచింది. దాంతో గిట్టనివాళ్లు తటస్థ పత్రిక కోసం ఎదురుచూడలేదు, సొంతదే పెట్టుకున్నారు: వై.ఎస్. కుటుంబం నుంచి 2008లో ‘సాక్షి’. తెలంగాణ ఉద్యమం నడుస్తుండగా 2011లో ‘నమస్తే తెలంగాణ’ వచ్చింది.