గోడలు లేని చోట మాట వినిపించాలంటే

టీవీ పక్కన పెట్టుకునే చిన్న స్పీకరు గదంతా నింపేస్తుంది. దాన్నే మైదానంలోకి తీసుకెళ్లి సినిమా వేస్తే నాలుగు వరుసలు దాటేసరికి మాటలు పలచబడిపోతాయి. స్పీకరు చెడిపోలేదు. గదిలో మనం విన్నదాంట్లో చాలా భాగం గోడలూ పైకప్పూ తిప్పి పంపిన శబ్దమే. ఆరుబయట ఆ సాయం ఉండదు.

దాంతో దూరం లెక్క కఠినమవుతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) పడిపోతుంది. స్పీకరుకు 1 మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఉంటే 2 మీటర్ల దగ్గర 94, 4 మీటర్ల దగ్గర 88, 16 మీటర్ల దగ్గర 76. ముందు కూర్చున్నవాళ్లు చెవులు మూసుకుంటుంటే వెనకవాళ్లు పక్కవాళ్లను "ఏమన్నాడు?" అని అడిగేది ఇందుకే.

ఇక్కడ చాలామంది వాట్ల వైపు పరిగెడతారు. కానీ వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల వాట్లు కావాలి. అందుకే నేనైతే ముందు సెన్సిటివిటీ చూస్తాను: 1 వాటు ఇస్తే 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది. 87 ఉన్న స్పీకరు 100 వాట్లు తాగి చేసే పనిని 97 ఉన్నది 10 వాట్లతో చేసేస్తుంది. యాభై అరవై మంది చూసే ప్రదర్శనకు, చివరి వరుస 15 మీటర్ల లోపే ఉంటే, యాంప్లిఫయర్ లోపలే ఉండే 10 లేదా 12 అంగుళాల మంచి స్పీకర్లు రెండు చాలు.

వాటిని నేల మీద మాత్రం పెట్టకూడదు. క, త, ప, స లాంటి హల్లుల్ని గుర్తుపట్టించే శబ్దం ఎక్కువగా సన్నటి స్థాయిలో, అంటే 2,000 హెర్ట్జ్, ఆ పైనే ఉంటుంది. అసలే బలహీనమైనది, పైగా ముందువాళ్ల తలలే దాన్ని అడ్డుకుంటాయి. అచ్చులు చేరి హల్లులు రాకపోతే గొంతు వినిపిస్తుంది గానీ మాట అర్థం కాదు. స్పీకర్లను స్టాండు మీద తలల కంటే పైకెత్తి, మూతి కాస్త కిందికి, వెనక వరుసల వైపు తిప్పితే ఈ కష్టం చాలావరకు తీరుతుంది.

ఇంకో తిప్పలు ప్లేయర్‌లో ఉంటుంది. 5.1 సౌండ్ (ఆరు చానళ్లుగా విడదీసిన శబ్దం) ఉన్న సినిమాల్లో సంభాషణలు ఎక్కువగా మధ్య చానల్‌లో ఉంటాయి. ప్లేయర్ కుడి ఎడమ చానళ్లనే బయటికి పంపితే సంగీతం హోరెత్తుతుంది, మాటలు మాయమవుతాయి. సెట్టింగుల్లో స్టీరియో ఎంచుకుంటే మధ్య చానల్ కూడా ఆ రెండింటిలో కలుస్తుంది. ఆరుబయటైతే నా ఓటు మోనోకే, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం. ఒక పక్కన కూర్చున్నవాళ్లకు రెండో స్పీకరు సరిగా అందదు కదా.

శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 14 మీటర్ల దూరానికి అది సినిమాలో ఒక ఫ్రేము, అంటే సుమారు 40 మిల్లీసెకన్ల ఆలస్యం, మనసు దాన్ని సర్దుకుంటుంది. బ్లూటూత్ దాని మీద ఇంకో 100 నుంచి 200 మిల్లీసెకన్లు కలిపితే పెదవులు ఒకటి, మాట ఒకటి అయిపోతుంది. వైరు వాడటమే మేలు.

జనం ఎక్కువై చివరి వరుస 30 మీటర్ల దాకా వెళ్తే, ముందు స్పీకర్ల వాల్యూం పెంచే బదులు మధ్యలో ఇంకో జత పెట్టొచ్చు. అయితే వాటికి డిలే ఇవ్వాలి, అంటే ముందు స్పీకర్ల శబ్దం అక్కడికి చేరేదాకా వాటి శబ్దాన్ని ఆపాలి. 20 మీటర్లు వెనక ఉంటే దాదాపు 58 మిల్లీసెకన్లు, ఆపైన ఇంకో 10 నుంచి 15. 1949లో జర్మనీలో హెల్మట్ హాస్ తన పరిశోధనలో చూపించిన సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది: ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి కొద్ది మిల్లీసెకన్ల తేడాతో చేరితే, ముందు చేరినది ఎటు నుంచి వచ్చిందో అటే వస్తున్నట్టు అనిపిస్తుంది. పక్కనున్న స్పీకరు మాటను స్పష్టం చేస్తుంది, చెవి మాత్రం తెర వైపే చూస్తుంది. నాకిది ఎన్నిసార్లు విన్నా అద్భుతమే.

ట్రయల్ సాయంత్రమే వేయాలి. పగలు వేడెక్కిన నేల మీద శబ్దం పైకి వంగిపోతుంది. చీకటి పడి నేల చల్లబడ్డాక, నేలబారుగా సాగే తరంగాలు కిందికి వంగి దూరదూరాలకు వెళ్తాయి, పక్కిళ్లకు కూడా. యుద్ధం సీను కాకుండా, ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీను పెట్టి చివరి వరుసలో కూర్చుని వినండి. మాట తెలియకపోతే వాల్యూం ముట్టుకునే ముందు స్టాండు ఇంకో అడుగు లేపి చూడండి.