స్కీలతో కొండ ఎక్కాలంటే: అద్దె సామాను, కాళ్లు, మేక బొచ్చు

స్కీయింగ్ అంటే మనోళ్లకి తెలిసింది రోప్‌వేలో పైకి పోయి కిందికి జారడమే. కానీ లిఫ్ట్ లేని మంచు కొండని కూడా అవే స్కీలు కాళ్లకేసుకుని నడిచి ఎక్కొచ్చు, దీన్ని స్కీ టూరింగ్ అంటారు, దీనికి సంబంధించిన రేసు 2026 మిలాన్ కోర్టినా వింటర్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టినారు. అనంతపురం నుంచి బెంగళూరు పోయి, ఫ్లైట్ ఎక్కి శ్రీనగర్‌లో దిగి గుల్మార్గ్ పోవాలనుకునేవాళ్లు ఒక్కసారన్నా ఈ ఎక్కడం సంగతి చూడాలని నాకు గట్టిగా ఉంది, ఎందుకంటే ఇందులో ఉండే ఫిజిక్స్ శానా బాగుంటుంది.

జారడానికే చేసిన పలక వాలు మీద వెనక్కి జారకుండా ఎట్లా నిలబడుతుంది? స్కీ అడుగున స్కిన్ అనే పొడుగాటి పట్టీ అతికిస్తారు. ఒకప్పుడు సీల్ అనే సముద్ర జంతువు చర్మంతో చేసేవాళ్లు, ఇప్పుడు నైలాన్‌తోనో మోహేర్‌తోనో చేస్తున్నారు, మోహేర్ అంటే అంగోరా మేక బొచ్చు. మేకల్ని సాకేవాళ్లకి ఇది వెంటనే అర్థమైతాది, వీపు మీద తల నుంచి తోక వైపు నిమిరితే చెయ్యి నున్నగా పోతుంది, ఎదురు నిమిరితే గరుకుగా అడ్డం పడుతుంది. స్కిన్‌లో కూడా వెంట్రుకలన్నీ వెనక్కి వాలి ఉంటాయి, స్కీ ముందుకు తోస్తే పడుకుంటాయి, బరువు వేసినప్పుడు వెనక్కి జారబోతే లేచి మంచులోకి గుచ్చుకుంటాయి. అందుకే స్కీని ఎత్తి పెట్టకూడదు, ఈడ్చాలి, బరువు మడమ మీద ఉండాలి. ముందుకు వంగితే ఆ వెంట్రుకల మీద ఒత్తిడి తగ్గి పట్టు పోతుంది.

అద్దెకు తీసుకునేటప్పుడు స్కిన్ ఆ స్కీ వెడల్పుకి సరిగ్గా కత్తిరించిందేనా చూడండి, జిగురు వైపు దుమ్ము, బొచ్చు అంటుకుని ఉంటే వేరేది అడగండి. చలికి జిగురు పట్టు తగ్గుతుంది కాబట్టి మధ్యలో తీసినప్పుడు జాకెట్ లోపల పెట్టుకోవాలి.

కానీ ఎక్కువ టైమ్ బూట్ల దగ్గరే పెట్టాలి. కాలికి కట్టిన కిలో వీపు మీద కిలో కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ అలసట తెస్తుంది, అడుగడుగుకీ దాన్ని కదిలించాలి కదా. స్కీ బూటు సైజు అంటే పాదం పొడవు సెంటీమీటర్లలో, 26.5 అంటే 26.5 సెంటీమీటర్లు, ఇంట్లోనే గోడకి మడమ ఆనించి స్కేలుతో కొలుచుకుని పోవచ్చు. సాక్సు ఒక్క జత చాలు, పల్చటి ఉన్నివి. బూటు ముందు వైపు రెండు పక్కలా చిన్న గుంటలు ఉన్నాయో లేదో చూడండి, బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపుని బైండింగ్ అంటారు, దాని పిన్నులు వాటిల్లోకే దిగుతాయి, ఎక్కేటప్పుడు మడమ లేస్తుంది, దిగేటప్పుడు మడమ కూడా లాక్ అవుతుంది. ఈ పిన్ బైండింగ్‌ని 1980ల్లో కనిపెట్టింది ఆస్ట్రియాకి చెందిన ఫ్రిట్జ్ బార్తెల్. షాపోళ్లు బరువు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, పడినప్పుడు బూటు ఎంత బలానికి ఊడాలో దాన్ని బట్టే సెట్ చేస్తారు.

లిఫ్ట్ దాటి పోతే అవలాంచ్ భయం ఉంటుంది, అంటే వాలు మీది మంచు ఒక్కసారిగా తెగి కిందికి దూసుకురావడం. మంచు పలకలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే తెగుతాయి. పూడిపోయినోళ్లని సిగ్నల్‌తో వెతికే, 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే ట్రాన్స్‌సీవర్, మంచులోకి గుచ్చి చూసే పొడుగాటి కడ్డీ (ప్రోబ్), పార, ఈ మూడూ ప్రతి మనిషి దగ్గరా ఉండాలి. పూడిపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పావుగంట దాటితే వేగంగా పడిపోతుంది, బయటినుంచి సాయం వచ్చేసరికి ఆ టైమ్ అయిపోతుంది, తవ్వి తీయాల్సింది పక్కనున్నోళ్లే. అందుకే గైడ్ లేకుండా వద్దు, వెతకడం ముందే ప్రాక్టీస్ చేయాలి. సెల్‌ఫోన్ ట్రాన్స్‌సీవర్‌కి దూరంగా ఉంచండి, సిగ్నల్‌ని చెడగొడుతుంది.

కాళ్లకి ప్రాక్టీస్ మన దగ్గరే ఉంది, గుత్తి కోట, పెనుకొండ కొండ. బ్యాగు వేసుకుని వారానికి రెండు మూడుసార్లు ఎక్కండి, మాట్లాడుతూ ఎక్కగలిగేంత నిదానంగా. దిగేటప్పుడు తొడలకి పడే పని కూడా ముఖ్యమే. కానీ ఎత్తుకి మాత్రం ఇక్కడ అలవాటు పడలేం, అనంతపురం 350 మీటర్ల లోపే, గుల్మార్గ్ దాదాపు 2,650, అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే ముప్పావు వంతు కంటే తక్కువ. మొదటి రెండు రోజులు తేలిగ్గా తిరగండి, తలనొప్పి, వాంతులు వస్తే ఇంకా పైకి పోవద్దు.

ఇంకోటి, ఎండకి అలవాటుపడిన ఒంటికి చెమట తొందరగా పడుతుంది, ఎక్కువగా పడుతుంది. మన ఎండల్లో అది మేలు, మంచులో తడిసిన కాటన్ బనీను ఒంటి వేడిని లాగేస్తుంది. కాటన్ వద్దు, కొంచెం చలేసేట్టుగానే ఎక్కడం మొదలుపెట్టండి, ఆగిన వెంటనే బ్యాగులోంచి జాకెట్ తీసి వేసుకోండి.