కోల్డ్ ఫ్రంట్ వస్తోంది, కారు లోపల పెట్టాలా?

మే, జూన్ నెలల్లో డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచుగా కనిపించే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇవాళ వడగళ్లకి స్లైట్ రిస్క్ అంటున్నారు, స్లైట్ అంటే కొంచెమేగా, కారు బయటే ఉంచేయొచ్చా?" మా గ్రూపులో వాతావరణం పిచ్చి ఉన్నది నాకే కాబట్టి జవాబు చెప్పే పని నా నెత్తిన పడుతుంది. అడిగేవాడి గరాజ్ నిండా అట్టపెట్టెలే ఉంటాయని నాకు తెలుసు, అందుకే కదా అడిగేది.

అసలు ఆ స్లైట్ అన్న మాటతోనే వచ్చింది చిక్కు. ఓక్లహోమాలోని నార్మన్ ఊళ్లో స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ ఉంది, వాళ్లు రోజూ ఎక్కడ గాలివాన ముప్పు ఎంతో చూపిస్తూ దేశం మొత్తానికీ మ్యాప్ వేస్తారు. మార్జినల్, స్లైట్, ఎన్‌హాన్స్‌డ్, మోడరేట్, హై అని ఐదు మెట్లు. వడగళ్ల లెక్కలో స్లైట్ అంటే, మీరున్న చోటుకి 25 మైళ్ల లోపు ఎక్కడో ఒకచోట అంగుళం, ఆ పైన సైజు వడగళ్లు పడే అవకాశం కనీసం 15 శాతం అని. మీ ఇంటి మీదే అని కాదు. కానీ మామూలు రోజుతో పోలిస్తే అది చాలా ఎక్కువ. కారు బానెట్ మీద నిమ్మకాయంత మంచుగడ్డ పడ్డాక శాతాలు గుర్తుండవు, ఇన్సూరెన్స్ వాళ్ల నంబరొకటే గుర్తుంటుంది.

ఇంత తెలిసినవాళ్లు వస్తుంది, రాదు అని తేల్చి చెప్పలేరా అంటే, అక్కడే ఉంది కథంతా.

అమెరికా నడిమి మైదానాలైన గ్రేట్ ప్లెయిన్స్‌కి పడమట రాకీ పర్వతాలు, దక్షిణాన మెక్సికో పక్కనున్న గల్ఫ్ సముద్రం. కెనడా నుంచి గల్ఫ్ దాకా అడ్డంగా ఒక్క కొండల వరస లేదు. గల్ఫ్ మీంచి వచ్చే తేమగాలి నేలకి ఆనుకుని ఉత్తరానికి పాకుతుంది, దాని మీదుగా మెక్సికో పీఠభూమి నుంచి వేడెక్కిన పొడిగాలి వచ్చి కప్పేస్తుంది. ఈ పైపొరే మూత. ఫోర్‌కాస్టర్లు దీన్ని క్యాప్ అంటారు.

అన్నం ఎసరు మీద మూత పెట్టినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ మూత కూడా గాలే. నేల దగ్గర వేడెక్కిన గాలి బుడగ తన చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా ఉన్నంతసేపే పైకి లేస్తుంది. ఒకటి రెండు కిలోమీటర్లు పోయేసరికి తనకంటే వెచ్చటి పొర ఎదురైతే అక్కడే ఆగిపోతుంది. పొద్దున్నే ఫోర్ట్‌వర్త్ నుంచి వదిలే బెలూన్ పంపిన గ్రాఫ్‌లో ఇది కంటికి కనిపిస్తుంది: పైకి పోయేకొద్దీ ఎడమకి వాలుతూ ఉండాల్సిన ఉష్ణోగ్రత ఎర్రగీత ఒక్కసారిగా ముక్కులా కుడికి పొడుచుకొస్తుంది. నేను పొద్దున కాఫీ తాగుతూ ముందు చూసేది ఆ ముక్కునే. మూడు కిలోమీటర్ల ఎత్తున 12 డిగ్రీల సెల్సియస్ దాటితే మూత లేవడం కష్టమని ఈ రంగంలో పాతకాపులు పెట్టుకున్న బండగుర్తు ఒకటుంది. అన్నిసార్లూ నిలబడదు గానీ బాగానే పనికొస్తుంది.

ఇందులో తిరకాసేంటంటే, మూత అసలు లేకపోతే మధ్యాహ్నానికే చిన్నాచితకా జల్లులు పడి, ఉన్న వేడీ తేమా ఖర్చయిపోతాయి. మూత గట్టిగా ఉంటే సాయంత్రం దాకా అన్నీ కిందే పోగుపడతాయి. అప్పుడు లేచిందంటే మేఘం అరగంటలో పది, పదిహేను కిలోమీటర్లు ఎగబాకుతుంది. లేవకపోతే ఎర్రటి ఎండ, ఉక్కపోత, టీవీ వాళ్లని తిట్టుకోవడం.

మూత లేపడానికి ఎవరో ఒకరు కింద నుంచి తొయ్యాలి. ఆ పని చేసేవాటిలో ఒకటి డ్రైలైన్, అంటే పొడిగాలికీ తేమగాలికీ మధ్య సరిహద్దు; ఇంకొకటి కోల్డ్ ఫ్రంట్, అంటే ముందుకు తోసుకొచ్చే చల్లగాలి అంచు. ఫ్రంట్ అన్న పేరు మొదటి ప్రపంచ యుద్ధం కాలపుది, నార్వేలో బెర్గెన్ శాస్త్రవేత్తలు యుద్ధరంగాన్ని చూసి పెట్టారు. చల్లగాలి బరువు కాబట్టి చీలికమేకులా వెచ్చగాలి కిందికి దూరి దాన్ని పైకి ఎత్తేస్తుంది. ఎండాకాలంలో ఇది పేరుకే కోల్డ్. చలికాలంలోలా ఉష్ణోగ్రత ఢామ్మని పడిపోదు, గాలి దిక్కు మారుతుంది, తేమ కాస్త తగ్గుతుంది, అంతే. పైగా జూన్ వచ్చేసరికి జెట్ స్ట్రీమ్ (బాగా ఎత్తున జోరుగా వీచే గాలి) ఉత్తరానికి జరిగిపోతుంది కాబట్టి వెనక నుంచి నెట్టేవాళ్లు లేక చాలా ఫ్రంట్లు టెక్సాస్ దాకా వచ్చి చతికిలబడతాయి. (మన తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్, మే వడగళ్ల వానలకి ఈ ఫ్రంట్లతో పని లేదు, అక్కడ ఆ తోసే పని ద్రోణిది.)

అందుకని ఫ్రంట్ వస్తుందా అని కాదు, ఎన్నింటికి వస్తుంది అని చూడాలి. మధ్యాహ్నం రెండింటికే వస్తే నేల ఇంకా పూర్తిగా వేడెక్కి ఉండదు. ఆరింటికి వస్తే సరిగ్గా ముహూర్తం కుదిరినట్టు. ఇంకోటి, పైగాలులు ఫ్రంట్‌కి అడ్డంగా వీస్తుంటే మేఘాలు విడివిడిగా పెరిగి, లోలోపల గిర్రున తిరిగే సూపర్‌సెల్స్ అవుతాయి, పెద్ద వడగళ్లు వాటి పనే. 2010 జూలై 23న సౌత్ డకోటాలోని వివియన్‌లో 8 అంగుళాల వెడల్పున, 900 గ్రాములకి కొంచెం తక్కువ బరువున్న వడగల్లు దొరికింది. పైగాలులు ఫ్రంట్ వెంబడే వీస్తుంటే మేఘాలన్నీ వరస కట్టేస్తాయి, అప్పుడు భయపడాల్సింది గాలికి.

ఆ వరస ఎంత పని చేయగలదో అయోవా వాళ్లని అడగాలి. 2020 ఆగస్టు 10న సౌత్ డకోటాలో మొదలైన గాలివాన 14 గంటల్లో ఒహైయో దాకా 770 మైళ్లు దున్నుకుంటూ పోయింది, సీడర్ రాపిడ్స్‌లో గాలి గంటకి 140 మైళ్లు ఉండొచ్చని తర్వాత లెక్కగట్టారు. ముందురోజు అంచనాల్లో ఇంత ఉధృతి లేదు. మూడు కిలోమీటర్ల గళ్లతో గంట గంటకీ లెక్కలు వేసే కంప్యూటర్ మోడల్ చేతిలో ఉన్నా ఇదీ పరిస్థితి. రాత్రి ఎక్కడో పడ్డ వాన వదిలిపోయిన చల్లగాలి కుప్ప మర్నాడు చిన్నసైజు ఫ్రంట్‌లా పనిచేస్తుంది, అది ఎక్కడుందో మోడల్‌కి కాస్త తప్పుగా తెలిసినా సాయంత్రం కథ మారిపోతుంది. మోడల్‌ని తిట్టడం నాకు ఇష్టం లేదు గానీ, అలాంటి రోజుల్లో దాని కంటే మధ్యాహ్నపు శాటిలైట్ బొమ్మనే ఎక్కువ నమ్ముతాను.

మొన్న జూన్‌లో ఒక రోజు అదే చేశాను. నాలుగింటికి ఫ్రంట్ వెంబడి చిన్న చిన్న మబ్బులు కాలీఫ్లవర్ ముక్కల్లా లేచాయి, లేచినవి లేచినట్టే నలిగిపోయాయి. ఐదింటికీ అంతే. "గరాజ్ ఖాళీ చెయ్" అని అప్పటికే చెప్పేశాను కాబట్టి నాకు టెన్షన్. ఆరున్నరకి ఒక్కటంటే ఒక్క మబ్బు మూత చీల్చుకుని లేచింది, అదీ మాకు యాభై మైళ్లు ఉత్తరాన, రెడ్ రివర్ అవతల. దాని పైభాగం కమ్మరి దాగలిలా పరుచుకుని మా నెత్తి మీదికి వచ్చింది, ఉరుములు వినిపించాయి, చుక్క వాన లేదు.

తొమ్మిదింటికి మెసేజ్. "అన్నా, పెట్టెలన్నీ సర్దడానికి గంటన్నర పట్టింది, మళ్లీ లోపల పెట్టేయనా?"

అప్పటికి ఫ్రంట్ మా దక్షిణాన ఆగిపోయి ఉంది. ఆగిన ఫ్రంట్ మర్నాడు వెచ్చగాలితో వెనక్కి నడవడం ఇక్కడ మామూలే. "ఇప్పుడే వద్దు తమ్ముడూ, రేపు మధ్యాహ్నం మళ్లీ మన మీదికే వస్తోంది" అని రాశాను.