సీసాన్ని పట్టే చెట్టు బెరడు

నీటిలో కలిసిన సీసం మరిగిస్తే పోదు, క్లోరిన్ వేసినా పోదు. మరిగించేకొద్దీ నీరు ఆవిరై, మిగిలిన నీటిలో దాని పాళ్లు ఇంకా పెరుగుతాయి. తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించి సీసం ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పసిపిల్లల మెదడు విషయంలో అయితే ఇంతవరకు ఫర్వాలేదనే హద్దే లేదు.

ఇంత మొండి లోహాన్ని కలప మిల్లుల్లో చెత్తగా పోగుపడే బెరడు పట్టుకోగలదు. తోళ్లను పదును చేయడానికి తరతరాలుగా వాడుతున్న టానిన్లు అందులో దండిగా ఉంటాయి. టానిన్ అణువులోని కర్బన వలయాల మీద హైడ్రాక్సిల్ గుంపులు (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన జంటలు) పక్కపక్కనే ఉంటాయి. వాటినుంచి హైడ్రోజన్ ఊడిపోయిన చోట ధనావేశమున్న సీసం, రాగి, కాడ్మియం అయాన్లు రెండు ఆక్సిజన్ల మధ్య పటకారులో బిగిసినట్టు బిగిసిపోతాయి.

అలాగని పచ్చి బెరడు పొడిని తెచ్చి నీళ్లలో పోస్తే పని చెడుతుంది. కరిగే టానిన్లు బయటికొచ్చి నీరు గోధుమరంగుకు తిరుగుతుంది. అవి తాము పట్టిన లోహాన్నీ వెంట తీసుకుపోతాయి. అందుకే బెరడును ముందు శుద్ధి చేయాలి. ఆమ్లం కలిపిన ఫార్మాల్డిహైడ్‌తో వేడిచేస్తే టానిన్లు ఒకదానితో ఒకటి ముడిపడి బెరడులోనే ఉండిపోతాయి. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం కాబట్టి, ఆ తర్వాత దాని జాడ లేకుండా కడగాలి. బెరడు ఎంత లోహం పట్టిందన్న లెక్క కన్నా, ఈ కడుగుడు ఎంత బాగా జరిగిందన్నదే నేను ముందు అడుగుతాను.

నీటిలో కలిసే మరో విషం ఆర్సెనిక్‌తో చిక్కు వేరు. అది నీటిలో ఎక్కువగా ఋణావేశంతోనో, ఏ ఆవేశమూ లేకుండానో ఉంటుంది. అందువల్ల సీసాన్ని పట్టే చోట్లు దానికి పనికిరావు. బెరడు మీద ఐరన్ హైడ్రాక్సైడ్ పూత వేస్తే, ఆ పూత ఆర్సెనిక్‌ను పట్టుకుంటుంది.

నీటి పుల్లదనమూ చూసుకోవాలి. దాన్ని పీహెచ్‌తో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు. పీహెచ్ 2 దగ్గర హైడ్రోజన్ అయాన్లే చోటంతా ఆక్రమించి సీసాన్ని రానివ్వవు. 5 దగ్గర సీసం బెరడుకు బాగా పట్టుబడుతుంది. నిండిపోయిన బెరడును ఖాళీ చేయడానికి ఇదే కిటుకు: పలుచని ఆమ్లం పోస్తే లోహం ఊడి కొద్దిపాటి ద్రవంలోకి వచ్చేస్తుంది, బెరడును మళ్లీ వాడుకోవచ్చు. వాడేకొద్దీ దాని పట్టు తగ్గుతుంది. ఇక పనికిరాదనుకున్నాక దాన్ని ఎరువుగా పొలంలో వేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. విషవ్యర్థాల కేంద్రానికే పంపాలి.