నోటు రాసుకున్నాం కదా, ఏం కాదులెండి: పన్నుల మీద అపోహలు, వాస్తవాలు

అపోహ: అప్పు నగదుగా తీసుకున్నా ప్రోనోటు పక్కాగా ఉంటే ఇన్‌కమ్‌టాక్స్ ఇబ్బంది రాదు.

వాస్తవం: ఇబ్బంది వస్తే మీకు ఎదురు నిలిచే మొదటి సాక్ష్యం ఆ ప్రోనోటే.

విజయవాడ గవర్నర్‌పేటలోని మా ఆడిట్ ఆఫీసుకు వచ్చే చిన్న వ్యాపారుల్లో ఈ మాట అననివాళ్లు అరుదు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అప్పంటే నోటే. బావమరిది దగ్గరో, బజార్లో తెలిసినవాళ్ల దగ్గరో రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాం. రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెడతాం, కొంత తీర్చినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయిస్తాం. తాతల నాటి పద్ధతి. బాకీ రాబట్టుకోవడానికి ఆ నోటు పనికొస్తుంది, కాదనను. ఆదాయపు పన్ను చట్టం అడిగే ప్రశ్న మాత్రం వేరు: డబ్బు ఏ దారిలో చేతులు మారింది?

సెక్షన్ 269ఎస్‌ఎస్ ప్రకారం రూ.20,000, అంతకు మించిన అప్పు నగదుగా తీసుకోకూడదు. అకౌంట్ పేయీ చెక్కు, అకౌంట్ పేయీ డీడీ, బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు ఆన్‌లైన్ బదిలీ, ఇవే దారులు. తప్పితే 271డి కింద పెనాల్టీ, తీసుకున్న మొత్తానికి సమానంగా. 5 లక్షలు తెచ్చుకుంటే 5 లక్షలు. ఆ అప్పును మళ్లీ నగదుగానే తీర్చారనుకోండి, 269టి, 271ఇ కింద ఇంకో పెనాల్టీ, తీర్చినంతా. ఈ రెండూ పడేది అప్పు తీసుకున్నవాళ్ల మీదే, ఇచ్చినవాళ్ల మీద కాదు. అవసరంలో ఉన్న మనిషే రెండు వైపులా దెబ్బ తింటాడు. ఈ ముక్క చెప్పగానే ఎదుటి మనిషి మాట పడిపోవడం ఎన్నిసార్లో చూశాను.

ఇది నిన్నా మొన్నా వచ్చిన రూలు కాదు. 1984 నుంచి ఉంది. 20,000 పరిమితి 1989 నుంచి మారలేదు. అప్పట్లో 20,000 అంటే పెద్ద మొత్తం, ఇప్పుడు వీధిలో చేబదులు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలుతో సెక్షన్ నంబర్లు మారినా నగదు అప్పుల మీద ఆంక్ష అలాగే ఉంది. అందరికీ అలవాటైన పాత నంబర్లే ఇక్కడ రాస్తున్నాను.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒకాయన, నోటీసు వచ్చాక ప్లాస్టిక్ కవరులో ప్రోనోటు భద్రంగా పెట్టుకుని వచ్చారు. ఇనుము సరుకు కోసం బంధువు దగ్గర 6 లక్షలు నగదుగా తెచ్చుకున్నారు. "చూడండి ఆడిటర్ గారూ, సాక్షి సంతకాలతో సహా ఉన్నాయి, నేనేం దొంగ లెక్క రాయలేదు" అన్నారు. నిజమే, రాయలేదు. ఆడిట్ రిపోర్టులో ఆ అప్పు వివరాలు ఉన్నాయి, నగదు అనీ ఉంది. నోటు తేదీ, మొత్తం, చేతికి రొక్కం ముట్టిందన్న వాక్యం, అన్నీ ఆయనకే ఎదురు తిరిగాయి. పెనాల్టీ కట్టడానికి పోరంకిలో ఇల్లు కట్టుకుందామని కొన్న స్థలం అమ్మేశారు. ఆ 6 లక్షలు ఆ రోజు బంధువు ఖాతా నుంచి ఆయన ఖాతాకు వచ్చి ఉంటే ఈ నోటీసే లేదు.

"19,000 చొప్పున ముక్కలు చేసి తీసుకుంటే?" అని అడుగుతారు. ఒకే మనిషికి ఉన్న పాత బాకీ, కొత్త అప్పు కలిపి చూస్తుంది చట్టం. "మాకు అసలు పన్నే పడదు కదండీ?" పెనాల్టీకి దానితో పని లేదు. "రైతులకు మినహాయింపు ఉందిగా?" ఉంది, ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం ఉండి, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడే ఆదాయం లేనప్పుడే. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి దగ్గర పెట్టుబడికి తెచ్చుకున్న డబ్బుకు సాధారణంగా అది వర్తించదు. స్థలం అగ్రిమెంటు మీద తీసుకునే నగదు అడ్వాన్సుకు కూడా 2015 జూన్ నుంచి ఇదే 20,000 రూలు. అక్కడ ఇరుక్కునేది అమ్మే మనిషి.

అప్పు కాకపోయినా, ఒకరి దగ్గర ఒకే రోజున, లేదా ఒకే సందర్భంలో 2 లక్షలు, అంతకు మించి నగదు పుచ్చుకోకూడదని 269ఎస్‌టి సెక్షన్ ఉంది. కూతురికి పసుపు కుంకుమల కింద తండ్రి ఇచ్చే డబ్బు మీద పన్ను లేదు, బంధువు ఇచ్చిన కానుక కాబట్టి. కానీ అది నగదుగా 2 లక్షలు చేరితే పెనాల్టీ ఆ అమ్మాయి మీద పడుతుంది. బ్యాంకులో వేయండి, అంతే.

"వాళ్లకెలా తెలుస్తుందిలెండి" అనేవాళ్లకు ఒక మాట. 2 లక్షలు, అంతకు మించి నగదు ఇచ్చామంటూ దావా వేస్తే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కింది కోర్టులను ఆదేశించింది. మన దగ్గర మూడేళ్ల గడువు దాటకుండా నోటు మీద దావా వేయడం మామూలే కదా. అవతలివాళ్లు కోర్టుకెక్కిన రోజున మీ నగదు అప్పు కథ శాఖకు చేరుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

12 లక్షల దాకా పన్ను లేదు కాబట్టి రిటర్ను అక్కర్లేదంటారు. తప్పు. కొత్త విధానంలో 2025-26 ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాలి. పన్నును సున్నా చేసేది సెక్షన్ 87ఎ కింద ఇచ్చే రిబేటు, అంటే పన్నులో తగ్గింపు, దాన్ని అడగాల్సింది రిటర్నులోనే. స్థలం, షేర్లు అమ్మిన లాభం మీద ప్రత్యేక రేటుతో పడే పన్నుకు ఆ రిబేటు రాదు.

బ్యాంకు డిపాజిట్ వడ్డీలోంచి ముందే టీడీఎస్ (పన్ను) కోసింది కాబట్టి వడ్డీ సంగతి తేలిపోయిందనేది ఇంకోటి. కోసేది 10 శాతం. మీ శ్లాబు అంతకన్నా ఎక్కువైతే తేడా మీరే కట్టాలి.

టర్నోవర్‌లో 6 శాతం లాభం చూపిస్తే చాలు, పుస్తకాలు అక్కర్లేదన్న మాట గుంటూరు నుంచి ఎక్కువ వింటాను. 6 శాతం బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాలకే, నగదుకు 8. అసలు కమీషన్, బ్రోకరేజీ ఆదాయానికి ఈ వెసులుబాటు ఇచ్చే సెక్షన్ 44ఎడి వర్తించనే వర్తించదు. యార్డులో కమీషన్ మీద బతికేవాళ్లకు ఈ సలహా ఎవరిస్తున్నారో కానీ చాలా అన్యాయం చేస్తున్నారు.

అమరావతి ప్లాటు ఎవరు అమ్మినా పన్ను లేదనుకోవడమూ పొరపాటే. సెక్షన్ 10(37ఎ) మినహాయింపు 2014 జూన్ 2 నాటికి భూమి సొంతదారుగా ఉండి రాజధాని కోసం ల్యాండ్ పూలింగుకు (భూ సమీకరణకు) ఇచ్చిన వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు మాత్రమే, అదీ ప్లాటు స్వాధీనమైన ఆర్థిక సంవత్సరం ముగిశాక రెండేళ్లలోపు అమ్మితేనే. రైతు దగ్గర కొని మళ్లీ అమ్మేవాళ్లకు లేదు.

ఇప్పటికే నగదు నోటు నడుస్తున్నవాళ్లు కంగారు పడకండి. ఇక మీదట అసలూ వడ్డీ రెండూ మీ ఖాతా నుంచే పంపండి, కనీసం రెండో పెనాల్టీ తప్పుతుంది. అర్ధరాత్రి ఆసుపత్రిలో ఆపరేషన్‌కు కట్టాల్సి వచ్చి తెచ్చుకున్న డబ్బైతే ఆ బిల్లులు, డిశ్చార్జి కాగితాలు దాచి ఉంచండి. సహేతుకమైన కారణం చూపగలిగితే 273బి కింద పెనాల్టీ తప్పే వీలుంది. నోటీసు వస్తే గడువులోపు జవాబివ్వండి. పాత తేదీ వేసి కొత్త కాగితం మాత్రం సృష్టించకండి, ఎవరు చెప్పినా సరే.